స్త్రీలను పిలిచిన మాటలు: కొంత చరిత్ర



మన సంఘములలో పెండ్లి ఆరాధన ముగిసిన తరువాత వధూవరులు సంతకము చేయు రిజిస్టరును మీరందరును చూచియే యుందురు. అందులో వయస్సు వ్రాయు గడి ప్రక్కన వారి స్థితిని వ్రాయు గడి యొకటి ఉండును. వరుడు పెండ్లి కానివాడైన యెడల బ్యాచిలర్ అనియు, వధువు పెండ్లి కానిదైన యెడల స్పిన్‌స్టర్ అనియు వ్రాయుట పాత వాడుక. దీనికి మూలము 1872వ సంవత్సరపు భారత క్రైస్తవ వివాహ చట్టము. కాగితము ఎట్లు నింపవలెనో చూపుటకు ఆ చట్టము చివర చేర్చిన నమూనాలో వరుడు భార్య చనిపోయిన వడ్రంగి, వధువు స్పిన్‌స్టర్. రెడ్డిగూడెము, తిరువూరు ప్రాంతములలో పత్తి తీయుటకును మామిడితోటలలో కాయ కోతకును పోవు ఇండ్ల ఆడుపిల్లలు ఆ మాటకు ఎదురుగా మొదట వేలిముద్రలు వేసిరి, చదువు వచ్చిన తరువాత సంతకములు చేసిరి. దాని అర్థమేమని అడిగినవారు అరుదు. అడిగిన కొద్దిమందికి కాపరులు పెండ్లి కాని పిల్ల అని చెప్పి ఊరకుండిరి.

ఆ మాటకు మొదటి అర్థము వేరు. రాట్నము ముందు కూర్చుండి నూలు వడుకు స్త్రీ అని దాని భావము. సాలెవానిని, కమ్మరిని వాని పనిని బట్టి పిలుచునట్లే ఇంగ్లాండులో పూర్వము నూలు వడుకు ఆమెను ఆ పేరుతో పిలిచిరి. తన చేతి కష్టముతో తిను స్త్రీకి అది గౌరవమైన పేరే. సామెతల గ్రంథము 31వ అధ్యాయములో మెచ్చబడిన గుణవతి కూడ కదురు పట్టినదే గదా. అయితే ఆ దేశములో పెండ్లి కాని ఆడుపిల్లలే ఎక్కువగా ఆ పనిచేయుచుండుటచేత 17వ శతాబ్దము నాటికి కోర్టు కాగితములలో ఆ మాటకు అవివాహిత అను అర్థము స్థిరపడినది. అటు పిమ్మట వయస్సు మళ్లినను పెండ్లి కాని దానిని ఎగతాళి చేయు మాటగా దిగజారినది. బ్యాచిలర్ అను మాటకు మాత్రము ఆ గతి పట్టలేదు. ఇంగ్లాండు, వేల్సు దేశములలో 2005 డిసెంబరునుండి ఈ రెండు మాటలను వివాహ రిజిస్టరులలో మానివేసి, స్త్రీకిని పురుషునికిని ఒకే మాట వ్రాయుచున్నారు. మన సుప్రీము కోర్టువారు 2023 ఆగస్టులో న్యాయమూర్తులకును వకీళ్లకును ఒక చిన్న పుస్తకము ప్రకటించిరి. తీర్పులలో వాడకూడని మాటల పట్టికలో స్పిన్‌స్టర్ ఉన్నది. దానికి బదులు అవివాహితయైన స్త్రీ అని వ్రాయుమనిరి. పతనమైన స్త్రీ, పతివ్రతయైన స్త్రీ అను రెండు విధముల మాటలనుకూడ తీసివేసి ఉత్త స్త్రీ అని వ్రాసిన చాలుననిరి.

ఇందులో మన ప్రాంతమునకు సంబంధించిన వింత యొకటి ఉన్నది. ఇంగ్లీషు కంపెనీవారి ఓడ మచిలీపట్నము రేవు చేరినది 1611లో. వారు వచ్చినది మన బట్టల కొరకు. ఆ బట్టలు నేసినది మగవారైనను నూలు వడికినది ఊరూరి స్త్రీలు. నేత నేసిన మాలల ఇండ్లలోను, వ్యవసాయపు ఇండ్లలోను, పెండ్లి అయినవారు, కానివారు, భర్త పోయినవారు అందరును వడికిరి. స్పిన్‌స్టర్ అను పేరు ఎవరికైనను తగినదైతే ఆ తల్లులకు తగినది. 19వ శతాబ్దములో ఇంగ్లాండు మిల్లులనుండి నూలు దిగుమతియై రాట్నములు అటక యెక్కెను. పని పోయినది. పనిపేరు మాత్రము ఎగతాళి అర్థముతో మన గుడి రిజిస్టరులోనికి వచ్చినది.

ఇంగ్లీషులో ఇట్టివి ఇంకను కలవు. భర్తకు వారు చెప్పు హజ్బెండ్ అను మాటకు ఇంటి యజమాని అని మొదటి అర్థము. అది నేటికిని గౌరవముగానే ఉన్నది. ఇంటి యజమానురాలు అని అర్థమిచ్చిన హౌస్‌వైఫ్ అను మాట జనుల నోళ్లలో నలిగి హసీ అయినది, హసీ అనగా సిగ్గుమాలినది. ఒకే ఇంటికి ఇద్దరు యజమానులు. ఒకరి పేరు నిలిచినది, ఒకరి పేరు వీధిని పడినది.

ఇంగ్లీషువారిని చూచి మనము నవ్వనక్కరలేదు. మన సాని అను మాటను తీసికొనుడి. స్వామిని అను సంస్కృత పదమునుండి వచ్చినది. కాకతీయుల కాలపు శాసనములలో గొప్ప ఇండ్ల స్త్రీల పేర్ల చివరను, దేవాలయములకు దానధర్మములు చేసిన స్త్రీల పేర్ల చివరను ఈ మాట కనబడును. దొరసాని అను మాటలో ఆ గౌరవము నేటివరకు మిగిలియున్నది. కాని గుడి సేవకు ఇయ్యబడిన స్త్రీలకును ఆ పేరే ఉండెను. కాలక్రమమున వారిని ధనవంతులు తమ భోగమునకు వాడుకొనిరి. వాడుకొన్నవారికి పేరు చెడలేదు, సాని అను మాట చెడినది. 1897లో అచ్చయిన గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము నాటకము నాటికి సాని అనగా వెలయాలే. గుడికి ఆడుపిల్లలను ఇచ్చు ఆచారమును మద్రాసు రాష్ట్రములో 1947లో చట్టము చేసి మాన్పించిరి. మిషనెరీ దొరగారి భార్యను దొరసానిగారూ అని చేతులు కట్టుకొని పిలిచిన ఊరే, ఆ మాటలో ముందు సగము తీసివేసి, పొరుగింటి స్త్రీని తిట్టుటకు వాడుకొన్నది.

ఇక విధవ అను మాట. దీనిని గూర్చి కొంత నిదానముగా చెప్పవలసియున్నది. ఈ క్రింది మాటలను ఇట్టి పత్రికలో అచ్చువేయుటకు నాకును సంకోచమే గాని, మన ఇండ్లలో ప్రతిదినము వినబడుచున్నవాటిని కాగితము మీద చూచి ఉలికిపడుటలో అర్థము లేదు.

భర్త లేనిది అని విధవ అను మాటకు అర్థము. ఆ మాట కొంచెము నలిగి వెధవ అయినది, వెధవ అనగా పనికిమాలినవాడు అయినది. నేడు బడికి పోనని మారాము చేయు మగపిల్లవానిని తండ్రి వెధవా అనును. మగపిల్లవానిని తిట్టుటకు కూడ ఆడుదాని దుఃఖమే కావలసి వచ్చినది! ముండ అను మాటయు అట్టిదే. ముండనము అనగా తల గొరుగుట. అగ్రవర్ణములలో కొందరు భర్త చనిపోయిన స్త్రీకి, ఆమె పదేండ్ల పిల్లయైనను, తల గొరిగించి, రంగు చీర మాన్పించి, ఒక మూల కూర్చుండబెట్టెడివారు. ఆ గొరిగిన తలనుండి పుట్టిన మాట అది. ఆమెకు జరిగిన క్రూరత్వమే ఆమెకు పేరైనది, తరువాత ఆ పేరే లోకములోని ఆడువారందరికిని తిట్టు అయినది. భార్య చనిపోయిన మగవానికి పుస్తకములలో విధురుడు అను మాట ఉన్నది. ఆ మాటతో ఎవరినైనను తిట్టగా మీరు వింటిరా?

విధవలు తిరిగి వివాహమాడుటకు 1856లోనే ప్రభుత్వము చట్టము చేసెను. చట్టము పుస్తకములో ఉండెను, పిల్లలు మూలలోనే ఉండిరి. 1881 డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరములో కందుకూరి వీరేశలింగము పంతులుగారు గోగులపాటి శ్రీరాములుగారికిని గౌరమ్మ అను బాల వితంతువునకును వివాహము జరిపించిరి. పంతులుగారిని కులమువారు వెలివేసిరి. వంటవారును నీళ్లు తెచ్చువారును మానివేయగా, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు గోదావరినుండి తానే నీళ్లు మోసి వండి పెట్టినట్లు ప్రసిద్ధి. ఈ సంస్కర్తలు తిట్టుగా మారిన విధవ అను మాటను విడిచి వితంతువు అను మాటను ప్రచారము చేసిరి. అది మర్యాదయైన మాటయే. అయినను దాని అర్థము తంతువు, అనగా దారము, లేనిది అని. మెడలోని సూత్రము పోయినదని మర్యాదగా చెప్పుటయే అది. ఇప్పుడు ప్రభుత్వ పింఛను పట్టికలలో భర్త విడిచిన స్త్రీలకును పెండ్లి కానివారికిని ఒంటరి మహిళ అను పేరు వాడుచున్నారు. ఇదియు ఆమెకు లేనిదానినే చెప్పుచున్నది గాని, ఆమె కూలికి పోయి ముగ్గురు బిడ్డలను చదివించిన సంగతి చెప్పుటలేదు.

మన సంఘములకు ఈ చరిత్రలో చోటెక్కడ? 1859లో రాఘవాపురపు పాగోలు వెంకయ్యగారు బాప్తిస్మము పొందిన నాటినుండి ఈ ప్రాంతపు సంఘములలో చేరిన కుటుంబములలో ఎక్కువవి మాల మాదిగ పల్లెలవి. ఆ పల్లెలలో విధవ తల గొరుగు ఆచారము ఎన్నడును లేదు. మారుమనువు ఉండెను. భర్త పోయిన పిల్లకు పెద్దలు కూర్చుండి మరియొక సంబంధము చూచుట తప్పుగా ఎంచబడలేదు. వీరేశలింగము పంతులుగారు ఎంతో కష్టపడి రాజమహేంద్రవరములో సాధింపబూనినది మన తాతమ్మల యిండ్లలో నిశ్శబ్దముగా జరుగుచునే యుండెను. మనది కాని ఆచారములోనుండి పుట్టిన ఆ తిట్టును మనమెందుకు తెచ్చుకొంటిమి? చదువులు, ఉద్యోగములు వచ్చి నలుగురిలో పెద్దమనుషులమైన కొలది మారుమనువు నామోషీ అయినది, ముండ అను మాట వంటింటి మాట అయినది. అగ్రహారము ఆ ఆచారమును విడిచిన తరువాత పల్లె దాని మాటను పట్టుకొన్నది. పెండ్లికూతురును తీసికొని వచ్చునప్పుడు భర్త లేని పినతల్లి గుడి వెనుక గోడనానుకొని నిలుచుండుట నేను అనేక పెండ్లిండ్లలో చూచుచున్నాను. ఆమెను అక్కడ నిలువుమని ఏ చట్టమును చెప్పలేదు, సంఘపు నిబంధనలును చెప్పలేదు.

ఆది సంఘములో ఇదే మాట ఎట్లుండెనో చూడుడి. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయములో సంఘమునకు వచ్చిన మొదటి పెద్ద సణుగు విధవరాండ్రను గూర్చినదే. అనుదిన పరిచర్యలో గ్రీకు భాష మాటలాడు విధవరాండ్రను చిన్నచూపు చూచిరని ఫిర్యాదు వచ్చినది. దానిని సవరించుటకే ఏడుగురిని ఏర్పరచిరి. తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయములో అరువది యేండ్లు దాటిన విధవరాండ్ర పేర్లు ఒక పట్టికలో వ్రాయుట కనబడును. తరువాతి శతాబ్దములలో విధవ అనునది సంఘములో ఒక ఉద్యోగము పేరువలె ఆయెను. ప్రార్థనయు, రోగుల పరామర్శయు ఆ స్త్రీల పని. అక్కడ గౌరవపు పట్టికకెక్కిన మాట ఇక్కడ తిట్టుగా ఉన్నది.

గొడ్రాలు అను మాటను గూర్చి రెండు ముక్కలే చెప్పెదను. గొడ్డుటావు అని ఈనని ఆవును అందురు. ఆ గొడ్డు అను మాటకు ఆలు అను మాట చేర్చి బిడ్డలు లేని స్త్రీకి పేరు పెట్టిరి. మన పాత తర్జుమాలో శారయి, రాహేలు, ఎలీసబెతు అందరికిని ఆ మాటయే పడినది. తర్జుమా చేసినవారికి అప్పటి వాడుకలో అది దొరికినది, వారిని తప్పుపట్టను. పుల్పిటుమీద ఆ భాగము చదువునప్పుడు మూడవ వరుసలో ఎవరు తల వంచుకొందురో కాపరికి తెలియును. ఆమె భర్తకు మాత్రము ఊరిలో అట్టి పేరు లేదు.

వ్యాకరణము సంగతియు ఒక మాట. చిన్నయసూరిగారి బాలవ్యాకరణము 1858లో వెలువడినది. అందులో నామవాచకములను మహత్తులు, అమహత్తులు అని విభజించిరి. స్త్రీలు, పశుపక్ష్యాదులు, ప్రాణము లేని వస్తువులు, ఈ మూడును కానివి మహత్తులు. అనగా పురుషుడు మహత్తు. సుబ్బయ్య వచ్చాడు, సుబ్బమ్మ వచ్చింది, బర్రె వచ్చింది, బస్సు వచ్చింది అని మనము పలుకుచున్నది ఆ లెక్క ప్రకారమే. అయితే స్త్రీలు పదిమంది కలిసి వచ్చినప్పుడు వారికిని మగవారితో సమానముగా వచ్చారు అందుము. సూరిగారు దీనిని కల్పింపలేదు, ఉన్న భాషకు సూత్రము వ్రాసిరి. భాషయొక్క ఈ నడక ఎవరో స్త్రీలను అవమానింపవలెనని చేసినదని నేను ఎంచను. అయినను ఒక్కతె వచ్చినప్పుడు బర్రె సరసను, గుంపుగా వచ్చినప్పుడు మనుష్యుల సరసను నిలుపు లెక్క మన మహిళా సమాజమువారికి తెలిసియుండుట మంచిదే.

ఇప్పుడు తర్జుమా చేసినవారు చేసిన గొప్ప మేలొకటి చెప్పవలెను. ఇది మనము రోజును చదువుచు గమనింపని సంగతి. సువార్తలలో యేసుప్రభువు స్త్రీలతో మాటలాడునప్పుడు గ్రీకు మూలములో ఆయన పిలిచిన పిలుపుకు స్త్రీ అని మాటకు మాట అర్థము. గ్రీకువారి వాడుకలో అది మోటు పిలుపు కాదు. గౌరవముగల స్త్రీలనుకూడ అట్లు పిలిచెడివారు. 1611లో, అనగా ఇంగ్లీషు ఓడ మచిలీపట్నము చేరిన యేడే, వెలువడిన జేమ్సు రాజుగారి ఇంగ్లీషు బైబిలులో దానిని ఉమన్ అని మాటకు మాట దించిరి. నేటి ఇంగ్లీషువానికి కానా వివాహములో ఒక కుమారుడు తన తల్లిని అట్లు పిలుచుట కటువుగా వినబడును. దానికి సమాధానము చెప్పుటకు వ్యాఖ్యానకర్తలు చాల కాగితము ఖర్చుచేసిరి. మన పొరుగువారి పాత తమిళ బైబిలులో కూడ స్త్రీయే అని పిలిచినట్లున్నది. తెలుగు బైబిలులో మాత్రము అమ్మా అని ఉన్నది.

ఈ ఒక్క మాట ఎంత పని చేసినదో చూడుడి. తెలుగువాడు కన్నతల్లిని అమ్మా అనును, కూతురును అమ్మా అనును, బస్సులో చోటు అడుగునప్పుడు ముఖమెరుగని ఆమెను అమ్మా అనును. మర్యాదయు చనువును రెండును ఆ పిలుపులో ఉన్నవి. యోహాను సువార్త 4వ అధ్యాయములో బావియొద్దకు వచ్చిన సమరయ స్త్రీ ఐదుగురు భర్తలున్న మనిషి. ఆయన ఆమెతో మాటలాడుట చూచి శిష్యులే ఆశ్చర్యపడిరి. ఆమెకును అదే పిలుపు. 8వ అధ్యాయములో శాస్త్రులును పరిసయ్యులును పట్టుకొని వచ్చి నడుమ నిలిపిన మనిషికి పేరు లేదు. తెచ్చినవారు ఆమెను ఈ స్త్రీ అని చూపిరి. వారందరు వెళ్లిపోయిన తరువాత ఆయన తలయెత్తి ఆమెను పిలిచిన పిలుపు తెలుగులో అమ్మా. పదునెనిమిది యేండ్లు నడుము వంగియున్న ఆమెకును, కనాను స్త్రీకిని, సమాధియొద్ద ఏడ్చుచున్న మగ్దలేనే మరియకును, సిలువచెంత నిలిచిన కన్నతల్లికిని పిలుపు ఒక్కటే. గ్రీకులో కూడ వీరందరికి ఒకే పిలుపు ఉన్నది గనుక తర్జుమా మూలమును తప్పలేదు. మూలములోని మర్యాదను ఇంగ్లీషుకంటె బాగుగా పట్టినదని నేను చెప్పుదును.

ఆ రోజులలో పల్లె స్త్రీకి ఈ పిలుపు ఎంత అరుదో పెద్దలకు తెలియును. కామందుల ఇండ్లవారు మన ముసలమ్మలను సహితము ఏమే, ఒసే అని పిలిచెడివారు. పేర్లుకూడ పోలి, మంగి, సుబ్బి అని సగమే పలికెడివారు. బాప్తిస్మముతో మరియమ్మ, మార్తమ్మ, సారమ్మ, రూతమ్మ అను పేర్లు వచ్చెను. పేరు పూర్తిగా పలికితే అమ్మా అనక తప్పదు. అందుచేతనే కొందరు కామందులు ఆ పేర్లను కూడ సగమునకు కత్తిరించిరి.

పెండ్లి కాని స్త్రీని గూర్చి మొదలుపెట్టితిమి గనుక మిస్సమ్మ అను మాటనుకూడ తలంచుకొనవలెను. 1880లో ఇంగ్లాండులో స్త్రీల కొరకైన జెనానా మిషను సంఘము ఏర్పడిన తరువాత పెండ్లి కాని స్త్రీలు అనేకులు మన దేశమునకు వచ్చిరి. గుంటూరులో లూథరన్ మిషనులో 1883నుండి 1930లో చనిపోవువరకు వైద్యము చేసిన డాక్టరు అన్నా కుగ్లర్‌గారును అవివాహితయే. వీరివంటి స్త్రీలు తమ దేశములో ఉండినయెడల స్పిన్‌స్టర్ అని చాటున నవ్వించుకొనెడివారు. మనవారు వారి మిస్ అను మాటకు అమ్మను చేర్చి మిస్సమ్మగారు అనిరి. ఎందుకు పెండ్లి చేసికొనలేదని పల్లెలో ఎవరును నిలదీయలేదు. ఆ గౌరవము తెల్లవారికే చెల్లినదేమో! అదే పల్లెలో నలువది యేండ్లవరకు పెండ్లి కాక, తమ్ముళ్లను చదివించి, బైబిలు స్త్రీగా పది ఊళ్లు నడిచిన మన మనిషిని మిస్సమ్మ అన్నవారు లేరు.

దక్షిణ ఇండియా సంఘములో 1976నుండి స్త్రీలకు గురుత్వాభిషేకము ఇచ్చుచున్నారు. 2013లో పుష్పలలితగారు నంద్యాల అధ్యక్ష మండలమునకు బిషప్పుగా అభిషేకింపబడి ఆ సంఘమంతటిలో మొదటి స్త్రీ బిషప్పు అయిరి. వారు తెలుగువారే. ఇక్కడ మన భాషకు చిన్న చిక్కు వచ్చినది. పాస్టరమ్మ అనగా పాస్టరుగారి భార్య అని తరతరములుగా స్థిరపడియున్నది. పాస్టరుగా అభిషేకము పొందిన స్త్రీని అట్లు పిలిచిన ఆమె భర్త పాస్టరనుకొందురు. కొన్ని సంఘములలో ఆమెను పాస్టరుగారు అనియే పిలుచుచున్నారు, కొన్నిటిలో పేరు చెప్పి అమ్మగారు అనుచున్నారు. ఆమె భర్తను ఏమని పిలువవలెనో మాత్రము ఇంకను ఎవరును తేల్చలేదు.